వయసు ఖాతాలో పడుతున్న నిద్ర మాత్ర

నిద్ర మాత్రతో వచ్చే చిక్కుల్లో పెద్దది, అవి దాని పేరుతో రాకపోవడం. ఒంటి మీద దద్దుర్లు లేస్తే 'మందు పడలేదు' అని ఎవరైనా ఆపేస్తారు. ఇవి అలా రావు. పొద్దున్న లేవగానే తూలు వస్తే బీపీ అనుకుంటాం. నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తులేకపోతే పెద్దతనం అనుకుంటాం. పెరట్లో జారి పడితే నాచు పట్టిన గచ్చును తిడతాం. మాత్ర లేని రాత్రి కన్ను మూతపడకపోతే, 'చూశారా, ఇది లేనిదే నాకు నిద్ర లేదు' అని మాత్ర తరఫునే సాక్ష్యం చెబుతాం. ఈ నాలుగింటి వెనకా ఒకే మందు ఉండొచ్చు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ ఉన్న మందుల షాపుల్లో గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. చీటీ లేకుండా, చొక్కా జేబులోంచో కొంగు ముడిలోంచో ఖాళీ అట్ట ముక్క తీసి కౌంటర్ మీద పెట్టేవాళ్లు కనిపిస్తారు. కత్తెరతో నాలుగు మాత్రలకు కోసిన ముక్క అది. మందు పేరు సగం దాని మీద, మిగతా సగం ఇంకెవరి ఇంట్లోనో ఉంటుంది. "నిద్దరట్టట్నేదు బావూ, ఈ బిళ్లే ఇయ్యి." ఎవరు రాశారో, ఎన్నాళ్లకు రాశారో చీటీతోపాటే పోయింది. అట్ట మిగిలింది.

ఆ అట్టలో ఉండేవి చాలావరకు అల్ప్రాజోలం, క్లోనజెపామ్, లోరజెపామ్, డయాజెపామ్, నైట్రజెపామ్, ఎటిజోలం, జోల్పిడెమ్. వీటిలో నిద్ర కోసమే పుట్టినవి తక్కువ. అల్ప్రాజోలం ఆందోళనకు, హఠాత్తుగా గుండెదడతో వచ్చే భయానికి వాడే మందు. క్లోనజెపామ్ మూర్ఛకూ, ఆ భయానికీ వాడేది. మత్తు తెస్తాయి కాబట్టి నిద్రకు రాయడం అలవాటైపోయింది. (మూర్ఛ కోసం క్లోనజెపామ్ వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఒక్క పూట కూడా మానకూడదు. వాళ్ల లెక్క వేరు.)

ఈ మందుల కుటుంబానికి (డాక్టర్లు బెంజోడయజెపైన్లు అంటారు, జోల్పిడెమ్ వాటికి చుట్టం) మంచి పేరు రావడానికి కారణం దాని ముందు తరం. అప్పటి నిద్ర మందులు బార్బిట్యురేట్లు. మోతాదు కాస్త దాటితే ఊపిరి ఆగిపోయేది. 1960లో లిబ్రియం, 1963లో వేలియం బజారులోకి వచ్చేసరికి డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. వాటి కంటే ఇవి నిజంగానే సురక్షితం. ఆ పోలికతో వచ్చిన 'సురక్షితం' అన్న మాటే, పోలిక పోయాక కూడా మిగిలిపోయింది.

పని చేసే తీరు తెలిస్తే చిక్కులు ఎక్కడెక్కడ వస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. కణాల ఉరుకును అణచడం దాని పని. ఈ మాత్రలన్నీ గాబా బలాన్ని పెంచుతాయి. అయితే గాబా నిద్ర దగ్గరే ఉండదు. నడకలో ఒళ్లు ఒరిగితే సర్దుకునే చోట ఉంటుంది. కొత్త సంగతిని గుర్తులో పెట్టుకునే చోట ఉంటుంది. కండరాల బిగువులో, ఊపిరి లయలో కూడా దాని చెయ్యి ఉంటుంది. కాబట్టి వీటి దుష్ప్రభావాలు పక్కదారిన వచ్చేవి కావు. నిద్ర తెప్పించిన పనే, అక్కర్లేని చోట, అక్కర్లేని వేళ జరుగుతోంది.

అక్కర్లేని వేళ అన్నది ముఖ్యం. ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి జోల్పిడెమ్‌కు దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. అల్ప్రాజోలంకు సుమారు 11 గంటలు, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువ. క్లోనజెపామ్‌కు 30 నుంచి 40 గంటలు. అంటే రాత్రి పదింటికి వేసుకున్న క్లోనజెపామ్‌లో మర్నాడు రాత్రి పదింటికి కూడా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. దాని మీద ఇంకోటి పడుతుంది. వారం తిరిగేసరికి మనిషి రోజంతా మాత్రలోనే తిరుగుతుంటాడు. 'రాత్రికి అర బిళ్లే కదా' అనుకునేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

తొందరగా దిగిపోయేదనుకున్న జోల్పిడెమ్ కూడా అంత అమాయకం కాదని తేలింది. ఆడవాళ్ల ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుందని, పొద్దున్న బండి నడపడానికి పనికిరానంత మందు కొందరిలో మిగిలే ఉంటోందని చూసి, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ల మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమంది. రాత్రి ఒంటిగంట దాకా దొర్లి, అప్పుడు మాత్ర మింగి, తెల్లవారగానే ఆమదాలవలసలో రైలు అందుకోవాలని బైకు తీసేవాళ్లు మగవాళ్లయినా ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇది.

పడిపోవడం గురించి

మిగతావాటి కంటే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. మన ఊళ్ల ఇళ్లు చూడండి. పాత ఇళ్లలో పడక వసారాలోనో నడవలోనో, మరుగుదొడ్డి పెరటి చివర. మధ్యలో ఎత్తు గడప, రెండు మెట్లు, నీళ్ల తొట్టి చుట్టూ పాకుడు. డెబ్భై దాటిన మనిషి రాత్రి రెండింటికి మూత్రానికి లేస్తుంది. పడుకునే ముందు వేసుకున్న అల్ప్రాజోలం అప్పటికి ఇంచుమించు పూర్తి బలం మీదే ఉంటుంది. పైగా రాత్రి బీపీ మాత్ర. ఇంటాయనదైతే ప్రోస్టేట్ మాత్ర కూడా, అది లేచి నిలబడగానే బీపీని ఇంకాస్త దించుతుంది. మామూలు రోజైతే కాలు గడపకు తగిలినా మెదడు రెప్పపాటులో ఒంటిని సర్దుతుంది. ఇప్పుడు ఆ సర్దుబాటే ఆలస్యం. చెయ్యి ఊతం వెతికేలోపు తుంటి నేలకు తగులుతుంది.

తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, ఆ మంచంలో ఊపిరితిత్తులకు నెమ్ము, పుండ్లు. చాలామంది పెద్దవాళ్లకు మళ్లీ మునుపటి నడక రాదు. కేసు కాగితంలో 'జారి పడింది' అని ఉంటుంది, మాత్ర ఊసు ఉండదు. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఏ మందులు పనికిరావో చెప్పే బీర్స్ ప్రమాణాల్లో ఈ కుటుంబమంతా, జోల్పిడెమ్‌తో సహా, 'వీలైతే వద్దు' వరుసలో ఉండడానికి కారణాల్లో ఈ పడిపోవడాలు ముందుంటాయి. వయసుతో కాలేయం నెమ్మదిస్తుంది, ఒంట్లో కొవ్వు వాటా పెరుగుతుంది, మందు అందులో దాక్కుంటుంది. నలభై ఏళ్ల కొడుక్కి సరిపడిన మాత్రను అమ్మకు పంచడం ఇందుకే ప్రమాదం. మన ఇళ్లలో ఆ పంచుకోవడం మా చెడ్డగా ఉంది.

మరపు ఇంకో తరహాది. పాత సంగతులు చెరిగిపోవు. మాత్ర పనిచేస్తున్న గంటల్లో జరిగినవి మాత్రం గుర్తులోకి ఎక్కవు. హైదరాబాదులో ఉన్న కొడుకు పదిన్నరకు ఫోన్ చేస్తాడు. అమ్మ చక్కగా మాట్లాడుతుంది, మనవడి పరీక్షల గురించి అడుగుతుంది, వచ్చే నెల గ్యాస్ బుక్ చేయమంటుంది. పొద్దున్నకు 'నిన్న ఫోనే చేయలేదు వాడు' అని పేచీ. ఫోన్ తెరిచి చూస్తే పదకొండు నిమిషాల కాల్ ఉంటుంది. ఇంట్లోవాళ్లకు మతిమరుపు జబ్బేమోనని గుబులు పుడుతుంది. ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడితే డిమెన్షియా వస్తుందా అన్నదాని మీద పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. కానీ డిమెన్షియాలా కనిపించే మందకొడితనం ఈ మందులతో వస్తుందన్నది, జాగ్రత్తగా తగ్గిస్తే చాలామందిలో అది మెరుగవుతుందన్నది పాత సంగతే. అందుకని స్కానింగ్‌కు విశాఖ తీసుకెళ్లే ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు కుమ్మరించండి.

నిద్రలో లేచి నడవడం, వంటింట్లోకి వెళ్లి తినడం, పొయ్యి వెలిగించడం, తలుపు తీసుకుని వెళ్లిపోవడం, పొద్దున్నకు ఏదీ గుర్తులేకపోవడం జోల్పిడెమ్ జాతి మందులతో జరుగుతాయి. తరచూ కాదు, కానీ జరిగితే ప్రాణాల మీదకు వస్తుంది. 2019లో ఎఫ్‌డీఏ వీటికి తన హెచ్చరికల్లో అన్నిటికంటే గట్టిదాన్ని తగిలించింది. ఒక్కసారి అలా జరిగినవాళ్లు ఆ మందు మళ్లీ ముట్టకూడదు. మన దగ్గర ఇలాంటిది జరిగితే ముందు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, మాత్ర మాత్రం రాత్రికి మళ్లీ వేస్తారు. కొందరు పెద్దవాళ్లలో మత్తుకు బదులు తిక్క, గొడవ, కలవరింతలు రావడం కూడా ఉంది. అప్పుడు మోతాదు పెంచితే నిప్పులో నెయ్యి పోసినట్టే.

ఊపిరి దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ ఇంకా పోలేదు. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆ అలవాటును అంగిలి కాన్సర్‌కు ముడిపెట్టి చాలా రాశారు. కానీ ఏ తీరున కాల్చినా పొగ ఊపిరితిత్తుల్ని వదలదు, పైన కట్టెల పొయ్యి పొగ తోడు. ఆయాసం ఉన్న మనిషికి రాత్రి నిద్ర పట్టదు. ఎందుకంటే పడుకుంటే ఊపిరాడదు. నిద్ర పట్టడం లేదంటే మాత్ర ఇస్తారు. ఆ మాత్ర ఊపిరి కొట్టే తీరునే మందగింపజేస్తుంది. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లదీ ఇదే కథ. వాళ్లకు కావాల్సింది ఆ జబ్బుకు వైద్యం. మద్యంతో కలిస్తే సంగతి ఇంకా చెడుతుంది. నొప్పికి రాసే ట్రమడాల్, దగ్గు మందులోని కోడీన్ కూడా అంతే: 2016లో ఈ జోడీ మీద కూడా ఎఫ్‌డీఏ అదే స్థాయి హెచ్చరిక పెట్టింది.

వేరే పేర్లతో ఇంట్లోకి

ఉక్కపోతకూ తామరకూ మన తీరం పెట్టింది పేరు. తామరకు ఇప్పుడు వారాల తరబడి ఇట్రాకొనజోల్ రాస్తున్నారు. అల్ప్రాజోలంను విరిచి బయటకు పంపే కాలేయపు ఎంజైమును ఆ మందు అడ్డుకుంటుంది. రోజూ వేసుకునే అదే చిన్న మాత్ర అప్పుడు పెద్ద మాత్ర అవుతుంది. ఈ రెండూ కలపకూడదని మందు కాగితంలోనే ఉంటుంది. చర్మం డాక్టరుకు నిద్ర మాత్ర సంగతి ఎవరు చెబుతారు? తామరకూ నిద్రకూ ఏం సంబంధమని మనకు అనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది కడుపు మాత్ర. కడుపులో మెలిపెట్టే నొప్పికి, గ్యాస్‌కు ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లిడీనియంతో పాటు 5 మిల్లీగ్రాముల క్లోర్‌డయజెపాక్సైడ్ ఉంటుంది. అంటే సాక్షాత్తూ ఆ 1960 నాటి లిబ్రియం. రోజుకు రెండు పూటలా దాన్ని మింగుతూ 'నేను నిద్ర మాత్రల జోలికి పోను' అనేవాళ్లున్నారు, వాళ్ల తప్పు కాదు. గుండెదడకు ప్రొప్రనొలాల్‌తో, దిగులుకు ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్‌ను కలిపి అమ్మే మాత్రలూ ఉన్నాయి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో 'పామ్', 'లామ్' అని ముగిసే పేరు ఏదైనా ఉంటే అది దాదాపు ఈ కుటుంబానిదే. కళ్లజోడు పెట్టుకుని చదవండి, లేదా పిల్లల చేత చదివించండి.

'ఇవి కావు, అలవాటు పడనివి' అని ఇచ్చే అమిట్రిప్టిలిన్ (దిగులుకు వాడే పాత మందు), మత్తు తెచ్చే జలుబు మందులు కూడా ఉచితంగా రావు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకు మూత్రం బిగుసుకుపోవడం.

ఉద్దానం సంగతి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టదన్నది నిజం. ఒళ్లంతా దురద, పడుకోగానే కాళ్లు లోపలి నుంచి లాగుతున్నట్టు ఉండి కదపకుండా ఉండలేకపోవడం. ఈ రెండోదానికి రెస్ట్‌లెస్ లెగ్స్ అని పేరు. కిడ్నీ జబ్బులోనూ, ఇనుము తగ్గినప్పుడూ వస్తుంది. దానికి పరీక్షలున్నాయి, వైద్యం ఉంది. నిద్ర మాత్ర దాన్ని తగ్గించదు, మనిషిని పడగొడుతుంది అంతే. పైగా దురదకూ కాళ్లకూ ఇచ్చే గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటకు పోవాలి. అవి పనిచేయకపోతే ఒంట్లో పేరుకుంటుంది. దానికి క్లోనజెపామ్ తోడైతే మనిషి మర్నాడు మధ్యాహ్నానికి కూడా తేరుకోడు, ఇంట్లోవాళ్లు డయాలసిస్ నీరసం అనుకుంటారు.

నిద్రలేమిని తెచ్చేదీ మాత్రే

ఇక అసలు ముడి. ఈ మందులు కొన్ని వారాలు వరసగా వాడితే మెదడు సర్దుకుంటుంది. తన సొంత గాబా స్పందనను తగ్గించుకుంటుంది. అప్పుడు మొదటి రోజు ఒక మాత్ర చేసిన పని ఇప్పుడు చేయదు. బ్రిటన్‌లో 1988లోనే వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని చెప్పింది ఇందుకే. సర్దుకున్న మెదడుకు ఒక రాత్రి మాత్ర అందకపోతే, అణిచిపెట్టిన ఉరుకంతా ఒక్కసారి లేస్తుంది. మాత్ర మొదలుపెట్టక ముందున్న దానికంటే చెడ్డ నిద్రలేమి, గుండెదడ, చెమటలు, వణుకు. మనిషి దాన్ని తన జబ్బుగా చదువుకుంటాడు. నిజానికది మాత్ర దిగుతున్న గుర్తు, తాత్కాలికం. కానీ రెండో రాత్రి ఎవరు ఓపిక పడతారు? మళ్లీ మింగుతారు, నిద్ర వస్తుంది, మాత్ర గెలుస్తుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చాలామంది నిద్ర కోసం కాక, ఈ తిరుగుదెబ్బ తప్పించుకోవడం కోసం మింగుతుంటారు.

ఒక్కసారిగా మానితే ఏమవుతుందో తెలుగువాళ్లకు చూపించింది తెలంగాణ కల్లు. డయాజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డ ఊళ్లలో 2015లో ఎక్సైజ్ దాడులతో సరఫరా ఆగింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు జనం మూర్ఛలతో, వింత ప్రవర్తనతో, వణుకుతూ ఆసుపత్రులకు చేరారు. వాళ్లు మాత్ర మింగుతున్నామని అనుకోలేదు. ఒళ్లు మాత్రం అనుకుంది. ఇలాంటిదే చిన్న ఎత్తున మన ఆసుపత్రి వార్డుల్లో జరగొచ్చు: ఆపరేషన్‌కు చేరిన పెద్దాయన రోజూ వేసుకునే చిన్న మాత్ర సంగతి చెప్పడు, రెండో రోజో మూడో రోజో మనుషుల్ని గుర్తుపట్టక సెలైన్ పీక్కుంటాడు.

ఇంత మూల్యానికి దక్కేదెంత? జోల్పిడెమ్ జాతి మందుల మీద కంపెనీలు ఎఫ్‌డీఏకు ఇచ్చిన వివరాలు కలిపి 2012లో లెక్కగడితే, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే నిద్ర సుమారు 22 నిమిషాలు ముందు పట్టింది. కొన్ని రాత్రులకు అది పెద్ద వరమే, కాదనను. ఏళ్లకు ఏళ్లు అంటే బేరం గిట్టదు.

మొదలు ఎక్కడని అడిగితే తరచూ వినపడేది ఏదో ఒక చావు, లేదా విపత్తు. 'ఓ బిళ్ల ఇచ్చి పడుకోబెట్టండి' అనడం మనకు దయగానే తోస్తుంది. 2018లో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చిన రాత్రుల్లో ఉద్దానంలో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది, అయినవాళ్లు పోయిన దుఃఖానికీ, అలాంటి దెబ్బ తిన్న తొలి నెలలో నిద్రలేమికీ ఈ మాత్రలు ఇవ్వొద్దనే. ఆ నిద్రలేమి చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది, మాత్ర మాత్రం ఉండిపోతుంది.

మాత్ర అడిగే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. పల్లెల్లో పెద్దవాళ్లు ఏడున్నరకు అన్నం తిని ఎనిమిదికి నడుం వాలుస్తారు. రెండింటికి మెలకువ వస్తుంది. 'రాత్రంతా నిద్దర్లేదు' అంటారు. ఎనిమిది నుంచి రెండు, ఆరు గంటలు. మధ్యాహ్నం అరుగు మీద గంటన్నర. డెబ్భై ఏళ్ల ఒంటికి అది చాలు! పడక పదింటికి జరిపి, పగటి కునుకు అరగంటకు తగ్గించి, నిద్ర రానప్పుడు మంచం దిగి కూర్చుని, ఏ వేళకు పట్టినా ఒకే వేళకు లేవడం — డాక్టర్లు సీబీటీ-ఐ అని పిలిచే చికిత్సలో ఇవి ముఖ్యమైన భాగం. దీర్ఘకాలపు నిద్రలేమికి ముందు ఆ చికిత్సే చేయాలని 2016లో అమెరికన్ ఫిజీషియన్ల కాలేజీ చెప్పింది.

చట్టం ఉంది. 2014 మార్చి నుంచి అమలవుతున్న షెడ్యూల్ హెచ్1లో అల్ప్రాజోలం, డయాజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ ఉన్నాయి. చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మితే డాక్టరు, రోగి వివరాలు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఎన్ని అట్ట ముక్కలు రిజిస్టరు ఎక్కుతున్నాయో కౌంటర్ ఇవతల నిలబడ్డ ఎవరికైనా తెలుసు. కానీ ఏళ్లుగా వాడుతున్న మనిషికి రేపు పొద్దున్న షాపువాడు నిక్కచ్చిగా 'లేదు' అన్నా ప్రమాదమే, పైన చెప్పిన కారణం వల్ల.

కాబట్టి మానాలనుకుంటే నెమ్మదిగా, రాసే డాక్టరు చూస్తుండగా. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకంలో రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించమన్నారు. ఇన్ని చిన్న ముక్కలు చేతితో చేయడం కష్టం, అందుకే కొన్నిసార్లు డాక్టర్లు నెమ్మదిగా దిగే వేరే మందుకు మార్చి తగ్గిస్తారు. రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించడం కాదు. ప్రతి రెండో రాత్రీ ఆ తిరుగుదెబ్బ తినడమే అవుతుంది. చివరి ముక్కలే ఎక్కువ ఏడిపిస్తాయి, అక్కడ ఇంకా నెమ్మదించాలి. శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విజయనగరం సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్యుల్ని అడగొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. తగ్గించే రోజుల్లో మూర్ఛ వచ్చినా, మనుషులు గుర్తు తెలియనంత కలవరం వచ్చినా, లేనివి కనిపిస్తున్నా, చచ్చిపోవాలన్న మాట నోట వచ్చినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా 108లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఖాళీ అట్టను వెంట పట్టుకెళ్లాలి.